చివరి భాగంలో ఉన్న జవాబు

“మొదటి భాగం శుద్ధ దండగండీ. చూడాల్సింది చివరిదే!” అన్నాడు డేనియల్, జ్యూస్ గ్లాసు పక్కన పెట్టి.

ఎదురుగా కూర్చున్న డయానా ముఖం మాడిపోయింది.

పెళ్లిచూపులయ్యాక, కాసేపు మాట్లాడుకోండంటూ పెద్దలే వాళ్లను బీసెంట్ రోడ్డులోని జ్యూస్ షాపుకు పంపారు. ఆదివారం గుణదల చర్చిలో పూజ అయ్యేసరికి డయానా అవుననో కాదనో చెప్పాలి. చల్లపల్లి నుంచి వచ్చిన డేనియల్ మాత్రం ఆమెను చూసిన రోజే మనసు పారేసుకున్నాడు. ఆ అయిదు భాగాల సముద్రపు దొంగల సినిమాలంటే ఆమెకీ ప్రాణమని తెలిశాక, ఇక తిరుగులేదనుకున్నాడు.

“మొదటిదే బంగారమండీ,” అంది డయానా. “ఆ కామెడీ, ఓడల మీద ఆ కత్తియుద్ధాలు! పోను పోను దయ్యాలెక్కువ, కథ తక్కువ.”

“రివర్సండీ! పోను పోనూ కథ తేటపడింది.”

“చివర్లో కెప్టెన్ చేసింది కూడా నచ్చిందా మీకు?”

“అంత మంచివాడు ఎక్కడుంటాడండీ?”

డయానా గ్లాసు సగంలో వదిలేసి లేచింది. బయట వాన. ఆటో ఎక్కుతూ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. అది కోపమో ప్రేమో డేనియల్‌కి అంతు చిక్కలేదు.

శనివారం మెసేజ్ వచ్చింది. “మీకు చివరి భాగం అంత నచ్చింది కదా. అందులో కెప్టెన్, ఆ మ్యాపులు గీసే అమ్మాయి చివరికి ఏమయ్యారో అదే నా జవాబు.”

డేనియల్ ఎగిరి గంతేశాడు. చివరి భాగంలో వాళ్లిద్దరూ రేవులో కలుస్తారు, ఒకే ఓడ ఎక్కుతారు!

మర్నాడు పూజ అవగానే, తల్లి అమలమ్మతో, కిలో బందరు లడ్డూతో చర్చి మెట్ల దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

“ఇదేంటండీ? నేను వద్దన్నాను కదా!” అంది డయానా.

“చివర్లో వాళ్లిద్దరూ రేవులో కలుస్తారుగా?” అన్నాడు డేనియల్.

“అది మొదటి భాగం! చివర్లో కెప్టెన్ ఆ అమ్మాయిని దీవిలో వదిలేసి నిధి కోసం పోతాడు.”

“కాదండీ, అదే మొదటిది!”

ఇద్దరూ అయోమయంగా అమలమ్మ వైపు చూశారు.

“మా మరిది మరియదాసు కేబుల్ నడిపేవాడమ్మా,” అందావిడ నెమ్మదిగా. “మావాడు చూసిందంతా అందులోనే. ఆ డబ్బింగ్ పేర్లకి నంబర్లా పాడా? ఏ సీడీ చేతికొస్తే అదే ముందు వేసేవాడు. ఓసారి గుడ్ ఫ్రైడేకి, పునరుత్థానం ముందేసి సిలువ తర్వాతేశాడు.”

డయానా పెదవి బిగబట్టింది. నవ్వు ఆగలేదు.

“అయితే ఆ అమ్మాయిని దీవిలో వదిలెయ్యడం మీకు నచ్చలేదా?” అంది.

“అందుకే కదండీ మొదటి భాగం దండగన్నది! ఆ అమ్మాయి ఒడ్డున ఒంటరిగా నిలబడితే రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.” డేనియల్ లడ్డూ పెట్టె ముందుకు చాచాడు. “మీరంటే నాకిష్టమండీ. నిధి పోతే పోనీ, మిమ్మల్ని ఏ దీవిలోనూ వదిలి వెళ్లను.”

డయానా అతని చేతిలోని పెట్టె మూత తీసింది. లడ్డూ తుంచి అమలమ్మ నోట్లో పెట్టింది.

“అత్తయ్యా, మీ మరిదిగారు వేసిన పద్ధతే బాగుందండీ,” అంది. “పోట్లాట ముందే అయిపోయింది. ఇక కలుసుకోవడమే మిగిలింది.”