అక్కర్లేని శబ్దం

"ఇప్పుడేం వినిపిస్తోంది?" అని అడిగారు డాక్టర్ వకుళ.

గాజు గదిలో కుర్చీలో కూర్చున్న సుధాంశు కళ్లు మూసుకునే జవాబిచ్చాడు. "ఫ్యాన్ తిరుగుతోంది. కింద ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. మీ కీబోర్డు మెకానికల్‌ది, కీల చప్పుడు తెలుస్తోంది. ఇంకేం లేదండీ."

అతని మోకాలి పక్కనే నిలబడి ఏడేళ్ల కూతురు ఉదిత అయిదోసారి "నాన్నా" అని పిలిచింది. అతని భార్య నీరజ మొహం తిప్పేసుకుంది.

విశాఖలో ఆ ఏడాది ఏ ప్రోగ్రామర్ని చూసినా చెవులకు ఏకాంత్ హెడ్‌సెట్టే. పాత హెడ్‌ఫోన్లు బయటి శబ్దానికి ఎదురు తరంగం పుట్టించి దాన్ని చెవి దగ్గరే అణిచేసేవి. ఏకాంత్ ఇంకో మెట్టెక్కింది. చెవి వెనక నరానికి సన్నటి కరెంటు పంపి, ఏ శబ్దాన్ని వదిలెయ్యాలో మెదడుకే నేర్పుతుంది. ఆరు నెలలయ్యాక హెడ్‌సెట్ తీసేసినా మెదడు ఆ పాఠం మరిచిపోదు. ఏది అక్కర్లేనిదో మాత్రం మనిషే చెప్పాలి. శబ్దం వచ్చినప్పుడల్లా స్క్రీన్ మీద ప్రశ్న పడేది: కావాలా, వద్దా?

రోజుకు రెండు వందల ప్రశ్నలు. చేసిన పనే మళ్లీ చేత్తో చెయ్యాలంటే ప్రోగ్రామర్ జాతికి ఒళ్లుమంట కదా! ప్రశ్నలకు దానంతటదే జవాబిచ్చేలా సుధాంశు పదకొండు లైన్ల స్క్రిప్టు రాసి పడేశాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఇంట్లో ఏ మనిషి గొంతు వినపడ్డా జవాబు 'వద్దు'. అతని ఆఫీసు ఇంట్లోనే. నీరజ బ్యాంకు నుంచి వచ్చేసరికి ఏడు దాటేది. బడి నుంచి మూడింటికే వచ్చేది ఉదిత.

"పిల్ల జ్వరంతో పిలిచిన రోజు కూడా ఆ స్క్రిప్టే జవాబు చెప్పిందా?" అంది నీరజ. అతను తల దించుకున్నాడు.

"పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లలేమా మేడమ్?" అన్నాడు డాక్టర్‌తో.

"పాత వెర్షన్ మెషీన్లో లేదండీ, మీ తలలో ఉండేది. మళ్లీ నేర్పాలంటే పాప గొంతు వినగానే మీరు 'కావాలి' అని నొక్కాలి. వినపడనిదానికి ఎలా నొక్కుతారు?"

"పక్కన కూర్చుని నేను నొక్కుతాను," అంది నీరజ.

"వినాల్సిన మెదడు ఆయనదమ్మా." డాక్టర్ కళ్లజోడు తీశారు. "పెద్దయ్యాక పిల్లల గొంతు మారుతుంది. ఆ గొంతు మీ మెదడుకు కొత్త కాబట్టి అప్పుడు వినిపించొచ్చు."

"ఈ గొంతు?" అన్నాడు సుధాంశు.

"ఇది ఇక లేదనుకోండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? సుధాంశు సిగ్గు విడిచి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉదిత ఏదో అంది. మళ్లీ అంది. తర్వాత టేబుల్ మీది కాగితం లాక్కుని పెన్సిల్‌తో రాసింది. ఆ గీతల చప్పుడు అతనికి స్పష్టంగా వినపడింది.

'నాన్నా, ఇందాక చెప్పాను. వినపడిందా?'

అతను గబగబా తలూపాడు. పిల్ల మొహం విప్పారింది. కాగితం తిప్పి మళ్లీ రాసింది.

'అయితే ఏం చెప్పాను?'

అతను నీరజ వైపు చూశాడు. ఆమె మళ్లీ మొహం తిప్పేసుకుంది.