మెట్ల కింది మిషన్ రాత

నారాయణగూడలో ఒక కాలేజీ ఉంది. పేరెందుకు లెండి. 2011లో అక్కడ లైబ్రరీ మెట్ల కింద రిబ్బన్ కత్తిరించి మరీ ఒక ప్రింటు మిషన్ పెట్టారు. పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కితే ఎవరి కాగితాలు వాళ్లే ఊరికే తీసుకోవచ్చు. ఏడాది తిరక్కుండానే దానికి చెడ్డపేరు వచ్చింది. చీకటి పడ్డాక పోతే అది మనం ఇచ్చింది రాయదట... దానికి తోచింది రాస్తుందట!

ఈ మాట పుట్టించింది ఎవరనుకున్నారు? పగలంతా ఆ లైబ్రరీలో కూర్చుని సైన్సు బిట్లు బట్టీపట్టే అశోక్‌నగర్ హాస్టల్ వీరులు. దాన్ని ముట్టుకున్న ఒకడికి జ్వరం వచ్చిందట. ఇంకొకడికి గ్రూప్-టూ పోయిందట. చదవకపోతే పోదూ?

మహేశ్వరి కూడా ఇవన్నీ విన్నదే. నాకీ సంగతి చెప్పింది ఆమే. అదే కాలేజీలో ఎం.ఏ. తెలుగు ఆఖరి ఏడాది. ప్రాజెక్టు ఇవ్వడానికి తెల్లారి పదింటి వరకే గడువు. తప్పితే ఏడాది పోయినట్టే. వాళ్ల అవ్వ లక్ష్మవ్వ చావు ఇళ్లలో పాడిన ఏడుపు పాటలే ఆ ప్రాజెక్టు. అవ్వ ఆ మధ్యనే పోయింది. పాటలన్నీ చిక్కడపల్లిలో టైపు చేయించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ప్రింటు ఇక్కడైతే ఊరికేనని లైబ్రరీ మూసే వేళకు మెట్ల కిందికి చేరింది.

బటన్ నొక్కింది. మిషన్ గుర్రుమంది... ఆగింది... మళ్లీ గుర్రుమంది.

మొదటి కాగితం మీద అవ్వ ఫోటో. ఎదురుగా కూర్చున్నంత స్పష్టంగా ఉంది. దాని కింద — కొంకులు, చుక్కలు, కొమ్ములు మొలిచిన గీతలు... ఏ భాషా కాదు! రెండో కాగితమూ అంతే. మూడోదీ అంతే.

"అవ్వా... నీ పాటలు రాసిన్నని కోపమొచ్చిందా?"

వెనక అడుగుల చప్పుడు. భుజం మీంచి ఎవరో తొంగిచూశారు —

ఫిజిక్సు లెక్చరర్ సూర్యప్రకాశరావు గారు! కాగితం చూడగానే వెనక్కి జరిగారు. "అమ్మాయ్... ముట్టుకోకు. బీజాక్షరాల్లా ఉన్నాయి. తగలబెట్టెయ్!" క్లాసులో పాఠం కూడా ఆయన అంత నమ్మకంగా చెప్పి ఎరగరు.

మహేశ్వరికి ఏడుపొచ్చింది. తగలబెడితే రేపు ఇచ్చేదేంటి? కాగితాన్ని లైటు కింద పెట్టి చూసింది. పేజీ నంబర్లు బాగున్నాయి. ఇంగ్లీషులో కాలేజీ పేరూ బాగుంది. మరి...

"సార్, గిది దెయ్యం గాదు సార్! ఈ మిషన్ల తెలుగు ఫాంటు లేదు. తెలుగొక్కటే ఖరాబైంది, జర చూడుండ్రి!"

ఆయన అప్పటికే గేటు దాటారు.

ఆమె చిక్కడపల్లికి పరుగెత్తింది. టైపు షాపు షట్టర్ సగం దిగింది. "అన్నా, జర ఆగు! ఇది రేపు ఇయ్యకుంటే నా ఏడాది పోతది!" అతను గొణుక్కుంటూ షట్టర్ ఎత్తాడు. అదే ఫైలు అక్కడ చక్కటి తెలుగులో వచ్చింది.

మర్నాడు గడువులోగా ప్రాజెక్టు ఇచ్చేసి బయటికొస్తే, మెట్ల కింద జనం గుమిగూడి ఉన్నారు. రాత్రి తను చెప్పింది సారు చెవిన పడ్డట్టుంది, తెలుగు ఫాంటు వేయిస్తున్నారు కాబోలని సంబరపడి ముందుకెళ్లింది.

మిషన్ ముందు పంతులుగారు గుమ్మడికాయ కొడుతున్నారు. హారతి పళ్లెం ఫిజిక్సు సారు చేతిలో ఉంది.