ఒక్క పేరు మాయం

"లిస్టులో నా పేరు లేదు అక్కా," అంది పిడుగు రొప్పుతూ. "నేను మూడోదాన్ని. లిస్టులో మూడో పేరున్న అన్నయ్యా నేనూ ఒకేసారి వచ్చాం."

పిడుగు చదివేది మూడో క్లాసే. పరుగులో మాత్రం పెద్దపెద్దవాళ్లకే చెమటలు పట్టిస్తుంది. ఈ బడి ఆటల పోటీల్లో, ముగింపు గీత దగ్గర ఎనిమిది మందీ ఎవరి బటన్ వాళ్లు కొట్టాలి. కొట్టిన వరుసలో పేర్లు లాప్‌టాప్‌లో పడతాయి. మొదటి ఆరుగురు ఫైనల్‌కి వెళ్తారు.

ఆ ప్రోగ్రామ్ రాసింది ఏడో క్లాసు అమ్మాయి. పొద్దుటి నుంచీ అందరూ ఆమెను ఇంజినీరమ్మ అంటున్నారు. ఇక ఆవిడగారి కాళ్లు నేల మీద ఆగడం లేదు.

"నువ్వు బటన్ సరిగ్గా కొట్టి ఉండవు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు," అంది ఇంజినీరమ్మ.

పిడుగు ఎర్రబడిన అరచెయ్యి చూపించింది. తర్వాత వెళ్లి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

ఇంజినీరమ్మకి మనసు ఊరుకోలేదు. ఫైనల్‌కి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. బటన్లన్నీ ఒక్కొక్కటిగా కొట్టి చూసింది. అన్ని పేర్లూ పడ్డాయి.

"రెండు కలిపి కొట్టు," అంది వెనక నుంచి కంప్యూటర్ టీచర్.

రెండు చేతులతో కొట్టింది. రెండు పేర్లు పడ్డాయి. మళ్లీ మళ్లీ కొట్టింది. ఏడోసారి ఒక్క పేరే పడింది.

"రెండోది ఏమైంది టీచర్?"

"ఒక్కో బటన్‌కి ఒక్కో థ్రెడ్ పెట్టావు కదా. అంటే ఎనిమిది మంది గుమాస్తాలు, రాసేది ఒకటే లిస్టులో. ఇద్దరు ఒకేసారి తొంగిచూశారు. ఇద్దరికీ మూడో గడే ఖాళీగా కనిపించింది. ఇద్దరూ అక్కడే రాశారు."

"అయితే ఒకరి పేరు మీద ఇంకొకరి పేరు పడిందన్నమాట."

"అంతే. ప్రోగ్రామ్‌లో లిస్టుకి తాళం వెయ్యి. ఒకరు చూసి, రాసి, తాళం తీసేదాకా రెండోవాళ్లు ఆగాలి."

ఇంజినీరమ్మ గబగబా టైప్ చేసింది. రెండు చేతులతో యాభైసార్లు కొట్టింది. ప్రతిసారీ రెండు పేర్లు! సంతోషంతో ఎగిరి గంతేసింది.

అంతలో ఫైనల్ మొదలుపెట్టడానికి డ్రిల్ మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకున్నారు.

"ఆగండి సార్," అంటూ పరిగెత్తింది. "పిడుగు బటన్ కొట్టింది. పేరు మింగేసింది నా ప్రోగ్రామే."

అందరి ముందూ ఆ మాట అనడానికి చచ్చేంత సిగ్గేసింది. అయినా అంది. మాస్టారు ఆరుగురితో పాటు పిడుగునీ గీత దగ్గరికి రమ్మన్నారు.

పిడుగు ఏ కాలి బూటు ఏ కాలికి వేసుకుందో తెలియదు, పరుగున వచ్చి గీత మీద నిలబడింది. విజిల్ మోగింది. ఏడుగురూ దూసుకొచ్చారు. బటన్లు ధబధబా మోగాయి. లాప్‌టాప్‌లో ఏడు పేర్లు పడ్డాయి.

ఫలితాలు చదవమని మాస్టారు మైకు అందించారు. ఇంజినీరమ్మ అందుకోలేదు. ముందు లాప్‌టాప్ పట్టుకుని, పరిగెత్తిన ఏడుగురి దగ్గరికి వెళ్లింది.

"అందరూ ఒకసారి చూడండి," అంది. "తేడా ఉంటే చెప్పండి. నేను వింటాను."