నిబ్బరం మార్కు

"ఆట ఆపకండి! రీడింగ్ సగంలో ఉంది," అని అద్దాల గదిలోంచి మైకులో అరిచారు డాక్టర్ వేదాద్రి.

అది 2047. విశాఖపట్నంలో మహిళల బాస్కెట్‌బాల్ జాతీయ జట్టు సెలెక్షన్ క్యాంపు. ఆసియా పోటీలకు పదకొండు మంది ఖాయమయ్యారు. మిగిలింది ఒక్క చోటు. దాని కోసం ఆడుతున్న బొడ్డేపల్లి హైమకు ముప్పై రెండేళ్లు. ఇది పోతే మళ్లీ అవకాశం రాదు.

వెనకటికి జట్టును మనుషులే ఎంచేవారు. ఎవరి మేనకోడలో కనుక్కుని మరీ ఎంచేవారని చెప్పుకునేవారు. ఆ బెడద వదిలించడానికే వేదాద్రి ‘నిబ్బరం మీటర్’ కనిపెట్టారు. ఛాతీకి కట్టుకునే చిన్న పట్టీ అది. గుండె వేగం, చెమట, ఊపిరి కొలుస్తుంది. పరుగు వల్ల వచ్చే ఆయాసాన్ని తీసేసి, ఒత్తిడిలో మనిషి ఎంత స్థిమితంగా ఉందో నూటికి ఇన్నని మార్కు వేస్తుంది. ఎనభై దాటితేనే జట్టులో చోటు. మీటర్‌కి మేనకోడళ్లు లేరు, ఆ మాట ఒప్పుకోవాలి.

విజిల్ మోగింది. హైమ మార్కు అరవై ఒకటి.

కోచ్ రత్నం మాస్టారు గదిలోకి దూసుకొచ్చారు. "ఇవాళ తొమ్మిది బాస్కెట్లు ఈ పిల్ల పాసుల మీదే పడ్డాయి డాక్టరు గారూ!"

"పడ్డాయి మాస్టారూ. కానీ తెర మీద దడ గీత ఎక్కడికి పోయిందో చూడండి. భయపడే మనిషిని ఫైనల్‌కి ఎలా పంపమంటారు?"

హైమ మెడలో తువ్వాలుతో గుమ్మంలో నిలబడింది. "భయం కాదండీ. బంతి నా చేతిలో ఉంటే నాకేటీ అవదు. పాస్ ఇచ్చాక అవతల పిల్లకి అందుతాదో లేదో అని చూస్తాను కదా, అప్పుడు కొట్టుకుంటాది."

"దడ ఎవరి కోసమో మీటర్‌కి తెలీదమ్మా. దడ దడే," అన్నారు వేదాద్రి. ఆయన కఠినుడేమీ కాదు. ఒకరికి సడలిస్తే రేపు మేనకోడళ్లు మళ్లీ బయల్దేరతారని ఆయన బెంగ.

హైమను స్టాండ్‌బైగా ఉంచారు. ఎవరికైనా దెబ్బ తగిలితే పిలవడానికి, పోటీలు ముగిసేదాకా క్యాంపులోనే ఉండాలి. ఆడాలని ఉన్న మనిషికి అంతకన్నా శిక్ష లేదు.

జట్టు ఫైనల్‌కి చేరింది. ఆ మధ్యాహ్నం అద్దాల గదిలో, ఆటా దాని పక్కనే మార్కులూ కనిపించే తెర ముందు వేదాద్రి, హైమ ఇద్దరే కూర్చున్నారు. పొద్దున విలేకరులకు చూపించడానికి కట్టుకున్న పట్టీ డాక్టరు గారి ఛాతీ మీదే ఉండిపోయింది.

స్కోరు 71-72. మనది ఒక పాయింటు తక్కువ. తొమ్మిది సెకన్లున్నాయి.

"ఐదుగురికీ తొంభై పైనే! చూశావా?" అన్నారు వేదాద్రి. ఆయన మాత్రం కుర్చీ అంచుకి జరిగారు.

బంతి ఏడో నంబరు చేతిలో ఉంది. ముగ్గురు ఆమెను చుట్టుముట్టారు. బాస్కెట్ కింద నాలుగో నంబరు ఒంటరిగా చెయ్యెత్తి నిలబడింది.

"ఇచ్చెయ్యే! నాలుక్కిచ్చెయ్యే!" హైమ లేచి నిలబడింది.

ఏడో నంబరు అటు చూడనైనా లేదు. తన మీద తనకు పూర్తి నమ్మకం. నింపాదిగా ఎగిరి వేసింది. బంతి రింగుకి తగిలి బయట పడింది. సైరన్ మోగింది.

ఓడిపోయాం. కోర్టులో మనవాళ్లు ఐదుగురూ నిమ్మకు నీరెత్తినట్టున్నారు. ఒకామె వంగి బూటు లేసు కట్టుకుంటోంది. మార్కులు ఒక్కటీ తగ్గలేదు.

గదిలో మాత్రం ఏదో కీచుమని మోగుతోంది. తెర మీద ఐదు పేర్ల కింద ఆరో పేరు ఎర్రగా వెలిగింది. హైమ దాన్ని చదివి, కళ్లు తుడుచుకుంటున్న వేదాద్రి వైపు తిరిగింది.

"నలభై మూడు. మీరూ సెలెక్ట్ అవలేదు డాక్టరు గారూ," అంటూ తన తువ్వాలు అందించింది.