వెయిటింగ్ లిస్టులో గాస్పార్

జెనీవాలోని ఒక ఖరీదైన వాచీల షాపువాళ్ళు వాచీ అమ్మేముందు మనిషిని పరీక్షిస్తారు. మర్నాడే ఎక్కువ ధరకు అమ్ముకునేవాడా, జన్మంతా ఉంచుకునేవాడా అని ఆరా తీస్తారు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు.

అడగడం ఎలోడీ ఉద్యోగం.

"మీరు ఏయే దేశాలు తిరుగుతారండీ?" అని అడిగింది, మూడేళ్ళ కిందట మొదటిసారి వచ్చిన గాస్పార్‌ని.

"ఏ దేశమూ తిరగను. సరస్సు మీద ఓడ నడుపుతాను. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి."

"ఆ ఒడ్డునా ఇదే టైము కదండీ?"

"అవునండీ."

"మరి ప్రపంచంలో ఊళ్ళన్నిటి టైమూ చూపించే వాచీ ఎందుకు?"

"ఓడెక్కిన ప్రతివాడూ 'ఇప్పుడు మా ఊళ్ళో అర్ధరాత్రి' అంటాడు. నిజమో అబద్ధమో తేల్చుకోవద్దా?"

ఎలోడీ నవ్వలేదు. పేరు మాత్రం వెయిటింగ్ లిస్టులో చేర్చింది.

ఆ తర్వాత గాస్పార్ నెలనెలా వచ్చేవాడు.

"నా వాచీ ఎంతవరకు వచ్చిందండీ?"

"నడిచొస్తోందండీ."

వాన పడిన రోజున గొడుగు ఆరేదాకా కూర్చునేవాడు. ఎలోడీ ఆ గొడుగును హీటరుకి దూరంగా పెట్టేది.

ఇవాళ వాచీ వచ్చింది. నీలం డయలు, చుట్టూ ఊళ్ళ పేర్లు. గాస్పార్ పెట్టుకుని, చెయ్యి ఊపి, చెవికి ఆనించి విన్నాడు.

"శనివారం నాతో ఫాండ్యూకి వస్తారా? రొట్టె ముంచుకు తినే ఆ కరిగిన చీజ్ కుండ ఒక్కడికైతే వడ్డించరు."

"రాలేనండీ. మాకు కావలసినవాళ్ళకి వాచీ అమ్మకూడదు. లిస్టులో ముందుకు తోశామంటారు. ఉద్యోగం పోతుంది."

"కొన్నాక కొన్నాళ్ళాగి పిలిస్తే?"

"అప్పుడూ అదే మాటంటారు."

"అసలు కొనకపోతే?"

"అప్పుడు మీరు కస్టమరే కాదు." ఎలోడీ చేతి తొడుగులు సర్దుకుంది. "కానీ మీ పేరు మళ్ళీ లిస్టుకెక్కదు. ఆలోచించుకోండి. మంచి వాచీ."

"కొనమంటారా?"

"అనడం నా ఉద్యోగమండీ."

గాస్పార్ వాచీ వంక చాలాసేపు చూశాడు. అంతసేపు చూడడం ఎలోడీకి నచ్చలేదు. చివరికి విప్పి, ట్రేలో పెట్టి, "శనివారం ఏడింటికి, రేవు దగ్గర" అని వెళ్ళిపోయాడు.

మేనేజర్ రోషా గారు లోపల్నుంచి పరుగున వచ్చారు.

"ఏమ్మా, మూడేళ్ళు కాచుకుని వదిలేసిపోయాడా! దేనికి?"

"ఫాండ్యూకండీ."

"పిచ్చా వాడికి? ఫాండ్యూ ఎక్కడైనా దొరుకుతుందిగా!"

"నాతో అండీ," అని ఎలోడీ లిస్టులో తర్వాతి పేరుకి ఫోన్ చేసింది.