కోసేసిన ఊపిరి

"అక్కా, ఇప్పుడు ఊపిరి పీల్చింది నువ్వేనా?"

అక్క తల ఎత్తలేదు. చాప మీద కూర్చుని, ఒళ్లో బారెడు గుడ్డ వేసుకుని కత్తెరతో కోస్తోంది. పెదాల మధ్య మూడు గుండుసూదులు. వాటిని ఒక్కొక్కటే తీసి పక్కనున్న సూదుల దిండుకి గుచ్చి, అప్పుడు నోరు తెరిచింది.

"పీల్చకుండా బతికే విద్య మీ కవులకి తెలుసేమోగానీ, బట్టలు కుట్టుకునేవాళ్లకి తెలీదురా."

"హాస్యాలొద్దు. నువ్వేనా, కాదా?"

"నేనేలేరా. నువ్వు పని చేసుకో."

తమ్ముడు హెడ్‌ఫోన్లు మళ్లీ చెవులకి తగిలించుకున్నాడు. ముఖం కాస్త తేలికపడింది. అక్క చేతిలో కత్తెర మాత్రం ఆగిపోయింది.

తను చెప్పింది అబద్ధం. నోట్లో సూదులుండగా దర్జీ అన్నవాళ్లు నోటితో గాలి పీల్చరు. పీలిస్తే సూది గొంతులోకి పోతుంది. పైగా మైకు ఉన్నది తన దగ్గర కాదు, ఆ మూల. అక్కడ ఒక ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు.

పోనీలే, వాడికి నిద్ర చాలక ఏదో వినపడి ఉంటుంది, అనుకుంది. అనుకుని కూడా రెండుసార్లు ఆ మూలకి చూసింది.

బయట ఇంకా మధ్యాహ్నమే. ఆ గదిలో మాత్రం ఎప్పుడూ చీకటే. వీధి చప్పుడు లోపలికి రాకుండా కిటికీలకి పాత పరుపులు అడ్డం కట్టేశారు. దూది వాసన, అచ్చురంగు వాసన, వేడెక్కిన మిషన్ల వాసన. బల్ల మీద రెండు టేపు మిషన్లు. ఒకటి పాట వినిపించడానికి. రెండోది ఎప్పుడూ రికార్డులోనే ఉంటుంది, ఎర్ర దీపం వెలుగుతూ. మంచి చప్పుడు ఎప్పుడు పుడుతుందో ఎవరికి తెలుసు, అని తమ్ముడూ వాడి భార్యా పెట్టుకున్న అలవాటు అది.

తమ్ముడు కవి. కాకపోతే వాడి కవితలో ఒక్క మాట కూడా ఉండదు. 'ఆ' అనే ఒక్క అక్షరం పట్టుకుని సాగదీస్తాడు, వణికిస్తాడు, మూలుగుతాడు, మధ్యలో నాలుకతో టక్కుమనిపిస్తాడు. తర్వాత అదే కవితని చెక్క అచ్చులతో గుడ్డ మీద వేస్తాడు. గొంతు లేచిన చోట అక్షరం ఏనుగంత, తగ్గిన చోట చీమంత. ఊపిరి తీసుకునే చోట ఉత్త తెల్లగుడ్డ. ఆ గుడ్డలు కుట్టి ఇచ్చేది అక్క. కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్లు, ఆ ఇంట్లో ఎవరికో పన్ను పీకుతున్నారనుకునేవాళ్లు.

పెళ్లయ్యాక ఆ ఇంట్లో రెండో గొంతు చేరింది. గంతకు తగ్గ బొంత. మరదలు ఎవరి గొంతైనా ఇట్టే పట్టేసేది. ఇంటి ఓనరుగారిలా దగ్గితే, ఓనరుగారి భార్య పైనుంచి, "మందు తాగమని చెప్తే వినరు కదా!" అని కేకలేసేది.

ఇద్దరూ కలిసి పాడితే గొంతు ఎక్కడా తెగేది కాదు. అదే వాళ్ల ప్రత్యేకత. ఒకరికి ఊపిరి అయిపోతోందంటే, పక్కవాళ్ల మణికట్టు మీద రెండు వేళ్లతో నొక్కాలి. వాళ్లు వెంటనే అందుకోవాలి. అందుకున్నవాళ్లు, మళ్లీ ఎవరో ఒకరు అందుకునేదాకా ఆపకూడదు. అది వాళ్ల ఒట్టు.

కిందటేడు వానల్లో మరదలు ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. పోయే ముందు ఆ మూల కుర్చీలోనే కూర్చుని తన వంతు టేపులో పాడి పెట్టింది. తమ్ముడు ఏడాదిపాటు ఆ టేపు ముట్టుకోలేదు. తిండి లేదు, మాట లేదు. చిన్నప్పటి నుంచీ తన చేతుల మీద పెరిగిన పిల్లాడు అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే, అక్కకి అన్నం ముద్ద దిగేది కాదు. ఇప్పుడు, ఇన్నాళ్లకి, రేపు సాయంత్రం హాల్లో పాడతానని లేచాడు. టేపులో ఆమె, పక్కన తను. ఈ ఒక్క ప్రదర్శన గట్టెక్కితే వీడు మళ్లీ మనిషవుతాడని అక్క ఆశ.

"అక్కా, ఆ టేపు నిండా ఆయాసమే," అన్నాడు మొన్న. "ప్రతి రెండు క్షణాలకీ ఎగపోస్తుంది. అది వింటే నాకు జబ్బే గుర్తొస్తోంది. ఒక్కసారైనా తను హాయిగా, ఆయాసం లేకుండా పాడినట్టు వినాలి."

అందుకని బ్లేడు పెట్టి టేపులో ఆమె ఊపిరి తీసుకున్న చోటల్లా కోసేశాడు. కోసిన ముక్కలు బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. మిగిలింది అతికించాడు. మొదలూ చివరా కూడా కలిపేశాడు, గుండ్రంగా తిరుగుతూ ఉండేలా. గుడ్డ కూడా అలాగే కావాలన్నాడు. అక్క తెల్ల ఖాళీలన్నీ కోసి, అక్షరాలు అక్షరాలకి కుట్టింది. ఖాళీ ముక్కలు తన షాపులో, మేకుకి వేలాడే ముక్కల సంచిలో పడేసింది. ఇవాళ కోస్తున్నది ఆఖరి ఖాళీ.

కోసేసింది. తమ్ముడు హెడ్‌ఫోన్లు తీసేసి, గదంతా వినపడేలా టేపు పెట్టాడు.

*ఆ...*

మరదలి గొంతే. తేనె కారుతున్నట్టు. ఎక్కడా తెగదు. తమ్ముడి కళ్లలో నీళ్లు.

అప్పుడే తలుపు తోసుకుని ఓనరుగారు తొంగి చూశారు. "ఏం బాబూ, రేపు మాక్కూడా చోటుందా, లేకపోతే గోడకి చెవి ఆనించుకోమంటావా?"

"రండి బాబాయిగారూ," అంది అక్క. "చెవి అరిగిపోతుంది పాపం, వచ్చి కూర్చోండి."

ఆయన వెళ్లి మూలనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. కాసేపు తల ఊపారు. తర్వాత ఆవలించారు. ఇంకోసారి ఆవలించారు. చొక్కా పై గుండీ తీసుకున్నారు. రెండోదీ తీసుకున్నారు. చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి.

"అమ్మాయి గొంతు బాగానే ఉందిగానీ..." లేచి గోడ పట్టుకున్నారు. "ఎక్కడోచోట ఊపిరి తీసుకోమను బాబూ. వింటుంటే నాకే ఊపిరాడట్లేదు."

గుమ్మం దాటి మెట్ల మీద కూలబడ్డారు. ఆయన ఎగపోత లోపలికి వినిపిస్తోంది. అక్క మంచినీళ్లు ఇద్దామని లేవబోయింది. కళ్లు తిరిగాయి. అప్పుడు తెలిసింది... ఆ గొంతు మొదలైనప్పటి నుంచీ తను కూడా గాలి పీల్చలేదని.

గబుక్కున పీల్చింది. ఆ పీల్చిన చప్పుడుతో పాటే ఇంకో చప్పుడు. మూల నుంచి. బావిలో చేద దిగుతున్నట్టు... లోతుగా, ఆత్రంగా.

అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, ఆపరా."

తమ్ముడు వినలేదు. తన మణికట్టు కేసి చూసుకుంటున్నాడు. చర్మం మీద రెండు చోట్ల, పక్కపక్కనే, గుంటలు పడుతున్నాయి. పిండి మీద వేళ్లతో నొక్కినట్టు.

నోరు తెరిచాడు. "ఆ..." అందుకున్నాడు.

అక్క పరుగెత్తి మిషను ఆపేసింది. టేపు నిలిచింది. ఆమె గొంతు నిలిచింది. వాడి గొంతు నిలవలేదు. సాగుతోంది. ముఖం ఎర్రబడింది. నల్లబడింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. కళ్లు అక్కని బతిమాలుతున్నాయి. చెయ్యి చాచి, ఖాళీ కుర్చీ చేతి మీద రెండు వేళ్లతో కొడుతున్నాడు. టక్ టక్. టక్ టక్. అందుకునేవాళ్లు లేరు.

అక్కకి పాట రాదు. జన్మలో పాడలేదు. గొంతు చించుకుని, "ఆ..." అని అరిచింది.

తమ్ముడు ఆగాడు. నేల మీద పడి, ఒడ్డున పడ్డ చేపలా గాలి మింగాడు. అక్క అరుపు మధ్యలో తెగిపోయింది. వాణ్ణి ఒళ్లోకి లాక్కుంది.

"ఏమైందిరా నాన్నా?"

"అందుకోమంది."

ఎవరని అడగలేదు అక్క. అడగక్కర్లేదు.

"ఆపకూడదక్కా... ఒట్టు కదా."

"ఒట్టు మాట తర్వాత." అక్క గొంతు గుసగుసగా వచ్చింది. "దాన్ని ఊపిరి తీసుకోనిచ్చామా మనం? ఎక్కడ తీసుకుందామన్నా చోటు లేకుండా కోసేశాం. గుండ్రంగా తిప్పుతున్నాం. అందుకే ఎవరి గాలి దొరికితే వాళ్లది పీలుస్తోంది."

తమ్ముడు బిస్కెట్ల డబ్బా వైపు చూశాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "హాయిగా పాడుతుందనుకున్నానక్కా."

"తెలుసురా."

"అతికించేస్తాను. ఒక్క ముక్క వదలకుండా, ఎక్కడివి అక్కడ పెట్టేస్తాను."

"పెట్టు. నేను గుడ్డ ముక్కలు తెచ్చి కుట్టేస్తాను. షాపులో ఉన్నాయి. రా, ఇద్దరం వెళ్లొద్దాం."

వాడు లేవలేదు. అప్పటికే బ్లేడు చేతిలోకి తీసుకున్నాడు. "ఇంకా ఎంతసేపు అలా ఉంచను తనని? నువ్వు వెళ్లు. కానీ తొందరగా వచ్చెయ్యి. నువ్వు గదిలో ఉన్నావంటే నాకు భయం ఉండదు."

"వీధి చివరికేరా. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

తలుపు బార్లా తీసి, మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెట్టింది. ఓనరుగారు ఇంకా మెట్ల మీదే ఉన్నారు, కాస్త కుదుటపడి. "వాణ్ణి ఓ కంట కనిపెట్టండి బాబాయిగారూ," అని చెప్పి పరుగులాంటి నడకతో వెళ్లింది.

సాయంత్రం పడుతోంది. గాలి అన్నది లేదు. షాపు చేరింది. తలుపు తీసింది. కుట్టుమిషను, కత్తిరించిన కాలర్లు, సుద్దముక్కలు, అన్నీ ఎక్కడివక్కడే. మేకుకి ముక్కల సంచి వేలాడుతోంది.

సంచి ఉబ్బుతోంది.

తగ్గుతోంది.

మళ్లీ ఉబ్బుతోంది... నిద్రపోయే మనిషి పొట్టలా.

పిల్లో ఎలుకో దూరి ఉంటుందని అక్క గట్టిగా అనుకుంది. దగ్గరికి వెళ్లింది. చెయ్యి చాచింది. సంచి ఇంకోసారి ఉబ్బింది. ఇంకా ఉబ్బింది. కుట్లు టపటపలాడేదాకా. తన చేతి కుట్లు అవి, అంత తేలిగ్గా తెగవు. అలా నిండుగా... నిలిచిపోయింది. తగ్గలేదు.

అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. సంచి మేకు నుంచి పీకి, గుండెకి హత్తుకుని ఇంటికి పరుగెత్తింది.

ఓనరుగారు మెట్ల మీదే ఉన్నారు. నవ్వుతున్నారు. "మళ్లీ ఎప్పుడొచ్చావమ్మా బయటికి? ఇప్పుడేగా లోపల మాట్లాడుతున్నావు?"

ఇటుక పెట్టిన చోటే ఉంది. తలుపు మాత్రం మూసి ఉంది.

తమ్ముడు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు. నోరు గుండ్రంగా తెరుచుకుని ఉంది, 'ఆ' అంటున్నట్టు. మణికట్టు మీద రెండు గుంటలు. ముట్టుకుంటే ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఛాతీ మాత్రం నిండుగా లేచి, అలాగే ఆగిపోయింది. ఎంత కుదిపినా దిగలేదు. బిస్కెట్ల డబ్బాలో ఒక్క ముక్క మిగల్లేదు. అన్నీ అతికించేశాడు.

గుండె ఆగిందన్నాడు వచ్చిన డాక్టరు.

అక్క ఖాళీ ముక్కలన్నీ గుడ్డకి తిరిగి కుట్టింది. కుట్టడం అయిపోయాక మాత్రమే రెండో మిషను గుర్తొచ్చింది. ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. తను షాపులో ఉన్నంతసేపూ అది వింటూనే ఉంది.

టేపు వెనక్కి తిప్పింది. పెట్టింది.

బ్లేడు చప్పుడు. అతుకు మీద గోటితో రుద్దుతున్న చప్పుడు. ముక్క తర్వాత ముక్క. వాడు ముక్కు ఎగబీల్చడం. తర్వాత, మైకుకి ముద్దుపెట్టేంత దగ్గరగా, ఒక పెద్ద ఊపిరి... లోపలికి... లోపలికి...

గోరు ఆగింది. తమ్ముడి గొంతు, భయంగా: "అక్కా, ఇప్పుడు ఊపిరి పీల్చింది నువ్వేనా?"

టేపు తిరుగుతున్న సన్నటి చప్పుడే.

ఆ తర్వాత ఖాళీ కుర్చీ ఉన్న మూల నుంచి, అక్క సొంత గొంతు, తను ఆ మధ్యాహ్నం ఎలా అందో అచ్చం అలాగే, చల్లగా అంది:

"నేనేలేరా. నువ్వు పని చేసుకో."