మూడో పిలుపు

ఆ మధ్యాహ్నం కోర్టు రేవుకే వచ్చింది. నైజర్ నది పాయల్లో అదొక చేపల ఊరు. చమురు పడ్డ చోటు కళ్ళారా చూస్తానని జడ్జిగారు అక్కడే మట్టల పందిరి కింద కుర్చీ వేయించుకున్నారు. మడ అడవిలోంచి ముక్కులు పగిలే కిరసనాయిలు కంపు. బురదలో ఒక్క పీత కూడా కదలడం లేదు.

కంపెనీ లాయరు డియెటె పట్నం మనిషి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయన నోటికి ఊళ్ళే ఎండిపోయాయి. నాలుగేళ్ళుగా ఒకటే వాదన. చమురు అమ్మితే వచ్చేది కంపెనీది, పైపు కారితే పోయేది బయటి నష్టం, అది ఎవరికి తగిలితే వాళ్ళే మొయ్యాలిట!

దావా వేసిన జాలరి ఎబికెమె ఆ ఏటి నీళ్ళే తాగి, పొట్ట ఉబ్బి, పోయిన నెల చచ్చిపోయాడు. అతని బదులు తన పేరు ఎక్కించమని పెళ్ళాం ఎబిలా పెట్టుకున్న అర్జీ ఇంకా ఏ బల్ల మీదో పడుంది. మూడు పిలుపులకీ వాది పలక్కపోతే దావా కొట్టేస్తారు. ఇక ఊరందరి నోట్లో మట్టే.

"వాదిని పిలిపించండి," అన్నాడు డియెటె.

బంట్రోతు ఆ ఊరివాడే. నీటి ఒడ్డున చచ్చినవాణ్ణి పేరుపెట్టి పిలవకూడదని అక్కడ చంటిపిల్లలకీ తెలుసు. వాడు ఏటికి వీపు తిప్పేశాడు.

"వద్దు లాయరయ్యా," ఎబిలా గుసగుసగా అంది. "పిలిస్తే వస్తాడు."

డియెటె నవ్వి, తనే ఏటికేసి తిరిగాడు.

"ఎబికెమె..."

ఈగల రొద ఆగింది.

"ఎబికెమె..."

నల్లటి నీళ్ళ మీద ఒక బుడగ.

"ఎబికెమె..."

"వచ్చానండీ."

నీళ్ళు నిండిన గొంతు. అందరూ విన్నారు. జడ్జిగారు 'వాది హాజరు' అని రాసుకున్నారు. దావా నిలబడింది. సంతకం చోట చమురు వేలిముద్ర ఎవరు వేశారో ఎవరూ చూడలేదు.

పట్నంలో డియెటె ఉండేది ఎనిమిదో అంతస్తు. వారం తిరక్కుండా బయట్నుంచి ఎవరో ఆయన్ని పేరుపెట్టి పిలిచారు. అదే గొంతు. నిన్న మళ్ళీ పిలిచారు. పొట్ట ఉబ్బుతోంది. గ్లాసులో మంచినీళ్ళు కిరసనాయిలు కంపు కొడుతున్నాయి. ఎలాగైనా ఆపమని ఎబిలాకి కబురు పెట్టాడు.

"బయటి నష్టం కదా లాయరయ్యా," అని తిరుగు కబురొచ్చింది. "తగిలినవాళ్ళే మొయ్యాలి."

మూడోసారి ఇంకా పిలవలేదు. ఇవాళ పొద్దున కిటికీ అద్దం మీద నల్లటి వేలిముద్ర కనబడితే తుడిచాడు. పోలేదు... అది బయటివైపు ఉంది.